అమ్మాయికి కీరా, అబ్బాయికి చిప్సు

మొన్నామధ్య ఓ ఆదివారం మా ఇంట్లో కీరా దోసకాయ దగ్గర గొడవైంది. నవ్వకండి. చిన్న గొడవేం కాదు. రెండు రోజుల పాటు మా అత్తగారూ నేనూ "కాఫీ కలపనా?", "కలుపు" అన్న రెండు ముక్కలు తప్ప మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉంది. మ్యాచ్ అంటే మా ఇంట్లో చిన్నసైజు పండగే. మా ఆడపడుచు వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళబ్బాయి తొమ్మిదో క్లాసు, మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ జట్టు. నేను వంటింట్లో టీ మరగబెడుతుంటే మా అత్తగారు "పిల్లలకి నేను పెడతాలే" అని డబ్బాలు తీసుకుని హాల్లోకి వెళ్ళారు. ఐదు నిమిషాల తర్వాత ట్రే పట్టుకుని నేను వెళ్ళేసరికి కనబడిన దృశ్యం ఇదీ. మా మేనల్లుడి ముందు పెద్ద గిన్నె నిండా ఆలూ చిప్సు, పక్కన ముంచుకోవడానికి మయొనైజ్ కప్పు. మా అమ్మాయి ముందు చిన్న పళ్ళెంలో చక్రాల్లా తరిగి ఉప్పు చల్లిన కీరా ముక్కలు.

"నువ్వు ఇవి తినమ్మా, ఒంటికి మంచిది. ఇప్పట్నుంచే చూసుకోకపోతే తర్వాత తగ్గడం కష్టం" అంటున్నారు మా అత్తగారు. చాలా ప్రేమగానే అంటున్నారు సుమా. మా ఆడపడుచు కూడా "అవున్లే, ఆడపిల్లలు కాస్త జాగ్రత్తగానే ఉండాలి" అని వంత పాడింది. మా ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు, చెయ్యి మాత్రం చిప్సు గిన్నె దగ్గరికి వెళ్ళొస్తోంది.

మా అమ్మాయి ఏమీ అనలేదు. రెండు ముక్కలు తిని, పళ్ళేన్ని సోఫా కిందకి తోసి, నీళ్ళు తాగొస్తానని లేచింది. మ్యాచ్ అయ్యేదాకా గదిలోంచి బయటికి రాలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా మేనల్లుడు దానికంటే నాలుగైదు కేజీలు ఎక్కువే ఉంటాడు. వాడిది మాత్రం "ఎదిగే వయసు".

మంగళవారం రాత్రి అది నా పక్కన కూర్చుని, చాలా మామూలుగా, "అమ్మా, ఒక ఇడ్లీలో ఎన్ని కేలరీలుంటాయి?" అని అడిగింది.

"ఎందుకే?"

"ఊరికే."

ఆ 'ఊరికే' విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నదని అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం బాక్సులో మిగిలొచ్చిన కూర కూడా గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మా అత్తగారి మీదకి వెళ్ళాను. "చిన్నపిల్లండీ అది, దాని ముందు అలా వేరే పళ్ళెం పెడతారా?" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయల పీచు తీస్తూ తలెత్తకుండా అన్న మాట ఇది. "నేనేం చేశానమ్మాయ్? ఆ నీలం మూత డబ్బా దానికని పెట్టింది నువ్వే కదా. అందులోవి అయిపోయాయి. అందుకని కీరా తరిగాను."

నా నోరు పడిపోయింది.

నిజమే. ఆ డబ్బా పెట్టింది నేనే. జూన్‌లో స్కూలు యూనిఫాం నడుము దగ్గర బిగుతైంది. ఎదిగే పిల్లకి బిగుతవక ఏమవుతుంది? కానీ అదే వారంలో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దావిడ "అమ్మాయి కాస్త ఒళ్ళు చేసిందే" అంది. అంతే, నేను సూపర్ మార్కెట్‌కి వెళ్ళి "బేక్డ్" అనీ "మల్టీగ్రెయిన్" అనీ "రాగి" అనీ రాసున్న ప్యాకెట్లు ఎత్తుకొచ్చి నీలం మూత డబ్బాలో పోశాను. ఎర్ర మూత డబ్బాలో మామూలు చిప్సు. నీలం అమ్మాయికి, ఎర్రది మిగతావాళ్ళందరికీ. నోటితో ఏమీ అనకపోయినా డబ్బాలతో అనేశానన్నమాట. పిల్లకి చదువొచ్చు కదా, అర్థం చేసుకుంది. మా అత్తగారు నేను గీసిన గీత మీదే నడిచారు. ఆవిడ నడిచింది కీరాతో, నేను నడిచింది నూట పాతిక రూపాయల ప్యాకెట్‌తో, అంతే తేడా.

కాబట్టి ఈ పోస్టులో ఎవరినైనా తిట్టానంటే అందులో నేనూ ఉన్నానని ముందే చెప్పేస్తున్నాను. కానీ తిట్టక తప్పదు.

ముందు ఆ ప్యాకెట్ సంగతి తేలుస్తాను. కళ్ళజోడు పెట్టుకుని, వంటింటి గట్టు మీద రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పరిచి వెనకవైపు చదివాను. ముందువైపు చదవకండి, అక్కడ పొలాలూ రాగి కంకులూ తప్ప ఏమీ ఉండవు. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు బరువు ప్రకారం రాయాలి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. ఆ 'రాగి' చిప్సులో మొదట బియ్యప్పిండి, తర్వాత పామాయిలు, తర్వాత మొక్కజొన్న పిండి, తర్వాత శనగపిండి, ఆ తర్వాత, ఐదో వరసలో, మన రాగమ్మ! మామూలు ఆలూ చిప్సు 100 గ్రాములకి సుమారు 540 కేలరీలు ఉంటాయి. ఈ ఆరోగ్యవంతురాలికి 480. ఈ అరవై కేలరీల తేడా కోసం మూడు రెట్ల ధర పోసి, పైగా "మంచివేలే" అని రెండు గుప్పిళ్ళు ఎక్కువ తినిపించాను పిల్లకి. "ఒక సర్వింగ్ 20 గ్రాములు" అని కూడా రాశాడు. 20 గ్రాములు తిని డబ్బా మూత పెట్టేసిన మనిషిని మీరెవరైనా చూశారా? నేనైతే చూడలేదు.

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ప్యాకెట్ల మీది రాతలు తప్పుదారి పట్టించవచ్చు, చూసి కొనుక్కోండి అనే చెప్పారు. బస్సెక్కితే గంటలో వెళ్ళగలిగే చోట అంత పెద్ద సంస్థని పెట్టుకుని నేను రాగి కంకి బొమ్మని నమ్మాను.

ఇక ఇడ్లీ ప్రశ్న. దీనికి జవాబు కోసం కూడా అదే సంస్థ లెక్కలు చూశాను. చూసి సిగ్గుపడ్డాను. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి సుమారు 2400 కేలరీలు కావాలట. పెద్దగా ఒళ్ళు అలవని పనుల్లో ఉండే, నా వయసు ఆడమనిషికి 1660 చాలట. అంటే మా ఇంట్లో నాకంటే మా అమ్మాయికే ఎక్కువ తిండి కావాలి! నేనేమో నా ప్లేటులో యథాప్రకారం వడ్డించుకుంటూ దాని ప్లేటు తగ్గిస్తున్నాను. ఇనుము సంగతి ఇంకా ఘోరం. ఆ వయసు మగపిల్లలకి రోజుకి 22 మిల్లీగ్రాములు కావాలంటే ఆడపిల్లలకి 30 కావాలి. ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, నెలనెలా తెలిసేదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు అబ్బాయిల్లో 31 మందికే. ఇదీ మన ఆడపిల్లల పరిస్థితి. అయినా ఏ పెళ్ళిలోనూ ఏ పెద్దావిడా "అమ్మాయికి రక్తం సరిపోతోందా?" అని అడగదు. నడుము చూస్తుంది.

"అయితే ఏమంటావమ్మా, పిల్లలందరికీ చిప్సు పోసెయ్యమంటావా?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. కాదండీ. తక్కువ కేలరీలతో కరకరలాడే తిండి మా ఇంట్లో నిజంగా ఎవరికి కావాలో చెప్తాను. మా ఆయనకి. మార్చిలో చేయించిన పరీక్షలో మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది, పొట్ట తగ్గించుకోండి అని డాక్టరుగారు ఆయన మొహం మీదే చెప్పారు. ఆ డాక్టరు చీటీ ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. దాని ముందు నుంచే ఆయన చిప్సు గిన్నె నింపుకుని వెళ్తారు. డాక్టరు చెప్పిన మనిషికి నీలం డబ్బా లేదు. ఎవరో పెళ్ళిలో అన్నందుకు పదమూడేళ్ళ పిల్లకి ఉంది. ఇదెక్కడి న్యాయం?

నా వాదన ఇంతే. ఇంట్లో సాయంత్రం పూట తినే తిండి మారాలంటే హాలు మధ్యలో పెట్టే గిన్నె మారాలి. ఒకరి ముందు పెట్టే పళ్ళెం కాదు. ఒక్కరికే పెట్టారంటే అది తిండి కాదు, శిక్ష. కీరా ఏ పాపం చేసిందని దాన్ని శిక్షలా వాడతాం చెప్పండి? అదే కీరాని అందరి మధ్యా పెట్టి, ముంచుకోవడానికి పక్కన మంచి పచ్చడి పెడితే మా మేనల్లుడు కూడా తింటాడు. తిన్నాడు కూడా, ఆ కథ తర్వాత చెప్తాను.

అసలు 'డిప్' అనగానే ఏదో విదేశీ వ్యవహారం అనుకుంటాం గానీ, నంజుకోవడం తెలుగువాళ్ళకి ఒకరు నేర్పాలా? ముద్దపప్పులోకి అప్పడం, పెరుగన్నంలోకి చల్లమిరపకాయ, చారన్నంలోకి వడియం. కరకరమనేది ఒకటి పక్కన లేకపోతే మనకి ముద్ద దిగదు. తేడా ఒక్కటే. మన పద్ధతిలో ఆ కరకర పక్కవాద్యం, రెండు ముక్కలతో సరిపెట్టుకుంటాం. చిప్సు వచ్చాక అదే కచేరీ అయి కూర్చుంది. ఇంకో సంగతి, చిప్సుని తిట్టి డిప్పుని వదిలేస్తున్నాం. పెద్ద చెంచాడు మయొనైజ్ అంటే ఇంచుమించు నూరు కేలరీలు, దాదాపు అంతా నూనే. దాంట్లో కీరా ముంచినా క్యారెట్ ముంచినా ఒరిగేదేం లేదు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది, అది తిని జనం ఆస్పత్రుల పాలవుతున్నారని. అప్పుడు రెండు వారాలు భయపడి, తర్వాత గుడ్డు లేనిది దొరుకుతుందని తెలిసి మళ్ళీ సీసా తెచ్చుకున్నాం. మేమేనండి, మీరు కాదు.

సరే, ఇక తిట్లు కాసేపు ఆపి తిండి సంగతి మాట్లాడతాను. ఈ నెల రోజుల్లో నేను చేసి చూసినవే చెప్తున్నాను.

కూరగాయల్లో కీరా అందరికీ తెలుసు, నూరు గ్రాములకి 15 కేలరీలే. కానీ చక్రాలుగా తరగొద్దు. చక్రం మీద పచ్చడి నిలవదు, జారి చీర మీద పడుతుంది. నిలువుగా నాలుగు చీల్చి, మధ్యలో గింజల మెత్తదనం తీసేసి, వేలెడంత పుల్లలుగా కోయండి. ముందే ఉప్పు చల్లకండి. ఉప్పు తగిలితే నీరు ఊరి, పది నిమిషాల్లో తడిగుడ్డలా వేలాడతాయి. మా అత్తగారి పళ్ళెంలో జరిగింది అదే. పిల్ల సోఫా కింద పెట్టిందంటే పెట్టదూ మరి! క్యారెట్ కూడా పుల్లలే. అరగంట ఐసు నీళ్ళలో వేసి తీసి, పొడి బట్ట మీద అద్ది ఇవ్వండి. ఒడిలిపోయిన క్యారెట్ కూడా నీళ్ళు పీల్చుకుని టకటకమంటుంది. తరిగిన పుల్లలు నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటాయి, నీళ్ళు మారుస్తుండాలి. క్యాప్సికమ్‌ని పడవల్లా కోస్తే అదే చెంచా. లోపలి గుంటలో పచ్చడి నిలుస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం నూల్‌కోల్. రైతుబజార్లో లేత ఆకుపచ్చ బంతిలా ఉంటుందే, మనం సాంబారులో తప్ప వాడం, ఆ కాయ. పైతోలు దళసరిగా చెక్కేసి పుల్లలు కోసి తినండి, లేత క్యాబేజీ కాడలా తియ్యగా, నీళ్ళు నీళ్ళుగా, కరకరమంటుంది. చిన్న కాయలే తీసుకోండి, పెద్దవాటిలో పీచు. ముల్లంగి కూడా పెట్టాను, దాని సంగతి చివర్లో. దోర జామకాయ కూడా బాగా నప్పుతుంది, మరీ పండు కాకూడదు. లెక్క కావాలంటే, ఒక గుప్పెడు చిప్సు అంటే 30 గ్రాములు అనుకుందాం, 160 కేలరీలు. కీరా, క్యారెట్, క్యాప్సికమ్, నూల్‌కోల్ సమానంగా కలిపి అరకేజీ తరిగినా మొత్తం 130 ఉంటుందేమో. అరకేజీ నమిలేసరికి దవడలు నొప్పెట్టి మనిషే ఆగిపోతాడు!

కూరగాయలంటే మొహం ముడుచుకునే వాళ్ళకి కాల్చినవి ఉన్నాయి. మినప అప్పడం నిప్పు మీద కాలిస్తే మామూలు సైజుది 40 కేలరీలు. నూనెలో వేస్తే పీల్చుకున్న ప్రతి గ్రాము నూనెకీ ఇంకో తొమ్మిది. కానీ అప్పడంలో ఉప్పు ఎక్కువ. రోజు మొత్తానికి చెంచాడు ఉప్పు దాటొద్దు అంటారు కాబట్టి బీపీ ఉన్నవాళ్ళకి ఒక్కటి చాలు. రాత్రి మిగిలిన పుల్కాలు పారేయకండి. సన్న సెగ మీద పెనం పెట్టి, గుడ్డతో అదుముతూ తిప్పుతూ తేమంతా పోయేదాకా కాల్చండి. గుజరాతీ వాళ్ళ ఖాక్రా ఇలాంటిదే. చల్లారాక విరిస్తే టప్‌మంటుంది. ఉత్తర కర్ణాటక వాళ్ళ కడక్ జొన్నరొట్టె దొరికితే ఇంకా హాయి. మరమరాలూ, మొక్కజొన్న పేలాలూ, తామరగింజలూ కూడా మంచివే గానీ ముంచుకోవడానికి పనికిరావు. నేను మరమరాలతో ప్రయత్నించాను. అది డిప్ అవలేదు, పెరుగు మిక్చర్ అయింది.

ముంచుకోవడానికి, కాల్చిన వంకాయ పెరుగుపచ్చడికి మించింది లేదు. వంకాయ కాల్చి, తోలు తీసి, మెదిపి, గట్టి పెరుగులో కలిపి, పచ్చిమిర్చి, ఉప్పు, పైన చిన్న చెంచాడు నూనెతో పోపు. పెరుగు పల్చగా ఉంటే బట్టలో కట్టి ఫ్రిజ్‌లో మూడు గంటలు గిన్నె మీద వేలాడదీయండి, దిగిన నీళ్ళు చారులో పోసుకోవచ్చు. బీరకాయ తొక్కు పచ్చడి రెండోది. కందిపచ్చడి కొంచెం వేడినీళ్ళతో జారుగా చేస్తే మూడోది, పైగా పిల్లలకి మాంసకృత్తులు. పల్లీ చట్నీ దగ్గర మాత్రం మోసపోకండి. నూరు గ్రాముల పల్లీల్లో 560కి పైనే కేలరీలు, చిప్సుకి ఏమీ తీసిపోదు. పిల్లలకి మంచిదే, పెట్టండి. మా ఆయనకి మాత్రం చెంచా లెక్కన.

ఇప్పుడు అసలు కడుపుమంట. ఇదంతా చేసేదెవరు?

ప్యాకెట్ చింపడానికి రెండు క్షణాలు. పైన చెప్పిన పళ్ళేనికి కడగడం, చెక్కడం, తరగడం, వంకాయ కాల్చడం, పోపు, మళ్ళీ కత్తీ పీటా కడగడం కలిపి నాకు నలభై నిమిషాలు పట్టింది. అదీ సాయంత్రం ఐదింటికి, ఒక పక్క పాలు పొంగుతూ, ఇంకో పక్క ఆరేసిన బట్టలు తీస్తూ. టీవీలో డాక్టర్లూ, ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళూ "చిప్సు మానండి, ఇంట్లోనే హెల్దీగా చేసుకోండి" అని ఎంత తేలిగ్గా చెప్తారో! 'చేసుకోండి' అంటే ఎవరు చేసుకోవాలో వాళ్ళు చెప్పరు, మనకి తెలుసు కాబట్టి. ఆ ప్యాకెట్ల కంపెనీ అమ్ముకునేది చిప్సు కాదండీ, మన ఆ నలభై నిమిషాలు. అలిసిపోయిన ఆడదానికి కంపెనీ 'బేక్డ్' అన్న మాట రాసి ఇస్తే తప్పు చేయట్లేదన్న ధైర్యం కూడా దొరుకుతుంది. నేను కొన్నది ఆ ధైర్యాన్నే.

గొడవ పడిన ఆ బుధవారం రాత్రి మా ఆయనకి ఈ భాగోతమంతా చెప్పాను. సాంతం విని, "పోనీ, నువ్వే అందరికీ ఏదైనా హెల్దీగా చేసి పెట్టొచ్చుగా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, షుగరు 6.1 ఎవరికొచ్చింది?" అన్నాను. జవాబు లేదు. "వచ్చే ఆదివారం మ్యాచ్ ఎన్ని గంటలకి?" "ఏడున్నరకి." "అయితే ఆరున్నరకి మీరు క్యారెట్లు చెక్కుతున్నారు."

తర్వాతి ఆదివారం మా ఆడపడుచు వాళ్ళని మళ్ళీ పిలిచాను. వాళ్ళు రాగానే మేనల్లుడి చేతికి పీలర్ ఇచ్చాను. "అత్తా, నాకు రాదు" అన్నాడు. "ఫోన్ వచ్చినట్టే ఇదీ వస్తుంది, కూర్చో" అన్నాను. మా ఆడపడుచు "వాడికెందుకు వదినా, నేను చేస్తానులే" అని లేవబోయింది. కూర్చోబెట్టాను. మా ఆయన చెక్కిన క్యారెట్లు పెన్సిల్ ములుకుల్లా తయారయ్యాయి, సగం తొక్కలోకే పోయింది. పోనీండి. మా అమ్మాయి వంకాయ కాల్చింది, ఇల్లంతా పొగ. నేను తరిగాను. మొత్తం పావుగంటలో అయిపోయింది.

హాలు మధ్యలో పెద్ద స్టీలు పళ్ళెం, దాని నిండా అన్నీ. మధ్యలో వంకాయ పెరుగుపచ్చడి గిన్నె. పక్కన చిన్న గిన్నెలో మామూలు చిప్సు కూడా పెట్టాను, కావాలనే, అందరికీ కలిపి ఒకే గిన్నె. నిషేధం పెడితే మా ఇంట్లో అది ముందు అమ్మాయి మీదే అమలవుతుందని నాకు తెలుసు.

మా అత్తగారు కాసేపు చూసి, ఒక కీరా పుల్ల పచ్చడిలో ముంచుకున్నారు. "మా చిన్నప్పుడు మీగడ గిన్నె మా అన్నయ్యలకే పెట్టేది మా అమ్మ. గిన్నె కడిగే వంతు నాది. అంచుకి అంటుకున్నది వేలితో తీసుకుని తినేదాన్ని" అన్నారు. ఎవరితోనూ కాదు, టీవీ వైపు చూస్తూ. తర్వాత చిప్సు గిన్నె తీసి మా అమ్మాయి వైపు జరిపారు. అది మూడు తీసుకుని గిన్నెని మళ్ళీ మధ్యలోకి తోసింది.

ఇడ్లీ లెక్కలు మానేసిందా అంటే, ఇంకా లేదు. మొన్న కూడా పెరుగు ప్యాకెట్ వెనక చదువుతూ కనిపించింది. చదవనీ అనుకున్నాను గానీ, ఏ వరస చదువుతోందో పక్క నుంచి తొంగి చూశాను. రాత్రి అన్నం మాత్రం మళ్ళీ మామూలుగా తింటోంది, నేను ప్లేటు వైపు చూడనట్టు నటిస్తున్నాను.

నీలం మూత డబ్బాలో ఇప్పుడు మెంతులు పోశాను. ఆ ఆదివారం నూల్‌కోల్ మొత్తం మా మేనల్లుడే ఖాళీ చేశాడు. ముల్లంగిని మాత్రం ఒక్కరూ ముట్టలేదు, మర్నాడు సాంబారులో పడింది.